కూసింతే కదా!

మొదటి సెమిస్టర్‌లో లెక్కల మేడమ్ బోర్డు మీద 'కాల్క్యులస్' అని రాసి కింద రెండు గీతలు గీసిన రోజు నాకు బాగా గుర్తు. ఇష్టం వల్ల కాదు, భయం వల్ల. అదే మాట రెండోసారి కనిపించింది దసరా సెలవుల్లో, ఉద్దానంలో మా ఊళ్ళో, మా చిన్నాన్న స్కానింగ్ రిపోర్టులో. ఎడమ కిడ్నీలో ఒక కాల్క్యులస్ ఉందట. ఇంట్లో ఇంజినీరింగ్ చదివేది నేనొక్కణ్ణే కాబట్టి ఆ కాగితం నా చేతికిచ్చారు. నాకు నవ్వొచ్చింది. "సిన్నాన్నా, నీ కిడ్నీలో మా ఎం-వన్ పేపరుంది" అన్నాను. ఆయనా నవ్వాడు.

తర్వాత వెతికితే తెలిసింది. లాటిన్‌లో సున్నపురాయిని 'కాల్క్స్' అంటారు. దానికి '-ఉలస్' అనే తోక తగిలిస్తే చిన్న రాయి. ఒకప్పుడు గులకరాళ్ళు పేర్చి లెక్కలు కట్టేవారు కాబట్టి లెక్కలకి ఆ పేరొచ్చింది. కిడ్నీలో పుట్టేదీ చిన్న రాయే కాబట్టి దానికీ అదే పేరు. ఆ తోక నన్ను పట్టుకుంది. పదాలు చిన్నవెలా అవుతాయి, అసలు మనిషి ఒక మాటని ఎందుకు చిన్నది చేస్తాడు అని అప్పట్నించి గమనిస్తూ వచ్చాను. ఈ వ్యాసం అదే. ఆ రిపోర్టులో ఇంకో వాక్యం కూడా ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇంగ్లిషులో ఇలాంటి తోకలు బోలెడు. మన సిలబస్సే చూడండి. 'మోలెస్' అంటే ముద్ద, అందులో చిన్నది మాలిక్యూల్. పార్ట్‌లో చిన్నది పార్టికల్. లాటిన్‌లో 'నక్స్' అంటే పెంకున్న కాయ, దాని లోపలి చిన్న పప్పు న్యూక్లియస్. చిన్న కొలత మాడ్యూల్, చిన్న పెట్టె కాప్స్యూల్, చివరికి ఫార్ములా అన్నా చిన్న ఫార్మ్ అనే. ఇదంతా లాటిన్ సరుకు. ఫ్రెంచి దారిన వచ్చినవి '-ఎట్', '-లెట్'. సిగార్‌కి చిన్నది సిగరెట్, డిస్క్‌కి చిన్నది డిస్కెట్. సీఎస్ఈ వాళ్ళకి జావాలో యాప్లెట్, సర్వ్‌లెట్ ఉన్నాయి, ఈసీఈ వాళ్ళకి వేవ్‌లెట్ ఉంది. 'ఔట్‌లెట్', 'ఇన్‌లెట్' చూసి మాత్రం మోసపోకండి, మెకానికల్ మిత్రులారా. అక్కడి 'లెట్' వదలడమే గానీ చిన్నతనం కాదు.

ఇంగ్లిషుకి పుట్టుకతో వచ్చిన తోక '-లింగ్'. డక్‌కి పిల్ల డక్లింగ్. డియర్‌కి చేరిస్తే డార్లింగ్. ప్రభాస్ నోట రోజూ వినే మాటకి అసలు అర్థం 'ముద్దుల చిన్నది' అన్నమాట. ఇంకో తమాషా, బుల్లెట్. ఫ్రెంచిలో 'బూల్' అంటే బంతి, 'బూలెట్' అంటే చిట్టి బంతి. వీధంతా అదిరేలా శబ్దం చేసే బండికి చిట్టిబంతి అని పేరు! ఇక హాస్టల్‌లో మంగళవారం పెట్టే సేమియా ఉప్మా గురించి చెప్పాలా వద్దా అని ఆలోచించాను. ప్యాకెట్ మీద 'వర్మిసెల్లి' అని ఉంటుంది చూడండి, అది ఇటాలియన్ మాట. అర్థం చిన్న పురుగులు. చెప్పేశాను, క్షమించండి.

మన భాషకి వచ్చేసరికి సంగతి తిరగబడుతుంది. ఇంగ్లిషు వెనకాల తోక పెడితే తెలుగు ముందు తల పెడుతుంది. చిరునవ్వు, చిరుజల్లు, చిరుతిండి. పిల్లకాలువ, పిల్లగాలి. గున్నమామిడి. సన్నజాజి. నూగుమీసం. పదో తరగతిలో ద్విరుక్తటకార సంధి బట్టీ పట్టినవాళ్ళకి చిట్టెలుక, చిట్టడవి గుర్తుండే ఉంటాయి. 'చిఱు' పక్కన అచ్చు రాగానే మధ్యలో 'ట్ట' వచ్చి కూర్చుంటుంది, చిఱు + ఎలుక చిట్టెలుక అవుతుంది. నాకు ఆ సంధికి రెండు మార్కులొచ్చాయి గానీ, అది చిన్నదనానికి సంబంధించిన సూత్రమని అప్పుడెవరూ చెప్పలేదు. ఆ సూత్రం ఉన్న పుస్తకం పేరు బాలవ్యాకరణం, 1858లో వచ్చింది. రాసినాయన చిన్నయసూరి. పుస్తకం పేరులో 'బాల', రాసినవాడి పేరులో 'చిన్న'. అంత ఘనమైన వ్యాకరణానికి రెండు వైపులా చిన్నతనమే. పెద్దబాలశిక్ష ఇంకా విడ్డూరం, ఒకే పేరులో పెద్దా ఉంది, బాలా ఉంది.

వెనక తోక మనకి అసలు లేదనడానికీ లేదు. సంస్కృతం నుంచి '-ఇక' వచ్చింది. నాటకానికి నాటిక, ఖండానికి ఖండిక, కణానికి కణిక. పత్రం అంటే ఆకు, పత్రిక అంటే చిన్న ఆకు. ఇంగ్లిషు లీఫ్‌లెట్ సరిగ్గా ఇదే. మీరు ఫోనులో చదువుతున్న ఈ పత్రిక కూడా, పదం లెక్కన, ఒక చిట్టి ఆకే.

అచ్చ తెలుగులో వెనక తగిలే వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చినవి కొలత మాటలు. చిటికెడు, గుప్పెడు, పిడికెడు, దోసెడు, గుక్కెడు. స్కేలూ తక్కెడా లేకుండా మన వేళ్ళూ అరచేయీ గొంతే కొలపాత్రలు. ఎవరి చిటిక వాళ్ళది కాబట్టి ఎవరి చిటికెడు వాళ్ళది. వంటలో ఇది బాగానే నడుస్తుంది. మందుల విషయంలో నడవదు.

పలాస నుంచి వచ్చి జీడిపప్పు ఊసెత్తకపోతే మావాళ్ళు ఊరుకోరు. కాశీబుగ్గ వైపు బట్టీల్లో, ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళు జీడిపిక్కలు కొట్టి, పొర తీసి, పప్పుని సైజుల వారీగా ఏరతారు. వ్యాపారంలో ఆ సైజులకి ఇంగ్లిషు పేర్లున్నాయి. డబ్ల్యూ 180, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 ఇలా. ఆ అంకె ఒక పౌండుకి, అంటే సుమారు 454 గ్రాములకి, ఎన్ని పప్పులు తూగుతాయో చెప్తుంది. అందుకే అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నదవుతుంది, ధర తగ్గుతుంది. ముక్కలకి వేరే గ్రేడులు. పెద్ద తెల్ల ముక్కలు, చిన్న తెల్ల ముక్కలు, అన్నిటికన్నా అడుగున 'బేబీ బిట్స్'. నేను కల్పించింది కాదు, గ్రేడు పేరే అది. ఎగుమతి కాగితాల మధ్యలో ఉన్నట్టుండి ఎవరో పాపాయిని ఎత్తుకున్నట్టుంటుంది.

తెలుగులో ఆ ముక్కని జీడిపలుకు అంటాం. పలుకు అంటే చిన్న తునక. వక్కపలుకు అంటాం, అన్నం సరిగా ఉడక్కపోతే పలుకుగా ఉందంటాం. పలుకు అంటే మాట కూడా. ఈ రెండు పలుకులూ పుట్టుకలో ఒకటేనా అనే తగాదా పండితులకి వదిలేస్తున్నా. నాకు మాత్రం మా అమ్మమ్మ జీడిపలుకులు ఏరుతూ కబుర్లు చెప్పడం గుర్తొస్తుంది, రెండూ ఒకే చేట్లోంచి రాలినట్టు ఉండేవి.

మా శ్రీకాకుళం మాటలకి వస్తే, ఫస్టియర్‌లో నేను "మా ఊరి గుంటలు చాలామంది ఈ కాలేజీలోనే ఉన్నారు" అన్నానని నా రూమ్మేట్ రెండు రోజులు నవ్వాడు. వాడిది గుంటూరు వైపు. వాడి లెక్కలో గుంటలంటే గోతులు. మాకు గుంటడంటే కుర్రాడు, గుంట అంటే ఆడపిల్ల. "ఓరి గుంటడా" అని మా ఊరి ముసలావిడ పిలిస్తే అందులో ఉన్న దగ్గరితనం 'బాబూ' అంటే రాదు. అదే మాట కోపంలో అంటే మనిషి చెప్పుకింద పురుగైపోతాడు. ఒకటే మాట, గొంతు మారితే రెండు పనులు. ఒడియాలో దీనికి వ్యాకరణమే ఉంది. మా వైపు సోంపేట, ఇచ్ఛాపురం దాకా ఒడియా మాట్లాడేవాళ్ళు చాలామంది. వాళ్ళ భాషలో 'పిలా' అంటే పిల్లాడు. 'పిలాటి' అంటే ముద్దుగా, 'పిలాటా' అంటే మామూలుగా, ఒక్కోసారి మోటుగా. ఒక్క అచ్చు మారితే చాలు.

టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి చెట్ల మీద గూళ్ళు పెడతాయి. ఇంగ్లిషులో గుడ్లగూబ పిల్లకి ఔలెట్, హంస పిల్లకి సిగ్నెట్, బాతు పిల్లకి డక్లింగ్ అని ఒక్కోదానికీ ఒక్కో పేరు. మనకి దూడ, కూన, గున్న లాంటివి కొన్ని ఉన్నా పిట్టలన్నిటికీ 'పిల్ల' అనే ఒక్క మాటే. ఇది పేదరికమని ఒక సీనియర్ నాతో వాదించాడు. నాకలా అనిపించదు. కోడిపిల్ల, కొంగపిల్ల, మనిషి పిల్ల అందరినీ ఒకే పేరుతో పిలిచే భాషలో ఇంకేదో ఉంది.

చిన్న పేరు ఎంత అబద్ధం ఆడగలదో మాకు 2018లో తెలిసింది. అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తుపాను పేరు తిత్లీ. పాకిస్తాన్ సూచించిన పేరది, అర్థం సీతాకోకచిలుక. పొద్దున లేచేసరికి ఉద్దానంలో కొబ్బరిచెట్లు విరిగి, జీడిచెట్లు వేళ్ళతో సహా పెళ్ళగిలి ఉన్నాయి. ఒక్క రాత్రిలో తరాల తోటలు పోయాయి. ఉద్దానం అంటే ఉద్యానం అని మాకు బళ్ళో చెప్పేవారు. ఆ ఏడాది ఆ మాట చెప్పడానికి మాస్టారికే నోరు రాలేదు.

ఈ సరికి మీకూ అర్థమై ఉంటుంది, చిన్న అనే మాట సైజు చెప్పడానికి వాడేది తక్కువ. వయసు చెప్తుంది: చిన్నాన్న అంటే పొట్టి నాన్న కాదు. ముద్దు చెప్తుంది: డెబ్బై ఏళ్ళొచ్చినా చిట్టెమ్మ చిట్టెమ్మే. లోకువ చెప్తుంది: చిన్నచూపు, చిన్నబుచ్చడం. ఇంగ్లిషులోనూ ఇంతే. 1906లో బ్రిటన్‌లో ఓటు హక్కు కోసం గట్టిగా పోరాడిన ఆడవాళ్ళని డెయిలీ మెయిల్ పత్రిక 'సఫ్రజెట్' అని రాసింది. చివర ఆ '-ఎట్' పెట్టింది వెక్కిరించడానికే. వాళ్ళు ఆ పేరునే జెండాలా ఎత్తుకుని తమ సొంత పత్రికకి పెట్టుకున్నారు. లోకువకి వాడిన తోకతోనే తిప్పి కొట్టడం అది.

వీటన్నిటినీ మించిన పని ఇంకోటుంది. భయాన్ని తగ్గించడం. దానికి మా ఊళ్ళో ఉన్న మాట కూసింత.

మన జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు జనం మాట్లాడే మాటే రాతలోకి రావాలని జీవితమంతా వాదించారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఆ ధైర్యంతో ఈ మాటని కొటేషన్ గుర్తుల్లో పెట్టకుండా రాస్తున్నాను. కూసింత నీరసం. కూసింత కాళ్ళవాపు. కూసింత ఆకలి తగ్గింది. ఉద్దానంలో ఏ ఇంటి అరుగు మీద కూర్చున్నా ఈ మూడూ వినిపిస్తాయి. గోరంతని కొండంత చేయడం అనే సామెత అందరికీ తెలుసు. మావాళ్ళు కొండంతని గోరంత చేస్తారు.

మా చిన్నాన్న కొబ్బరితోట మనిషి. లాటిన్‌లో 'అవుస్' అంటే తాత, 'అవున్‌క్యులస్' అంటే చిట్టితాత. మేనమామని అలా పిలిచేవారట, ఇంగ్లిషు అంకుల్ అందులోంచే వచ్చింది. మన చిన్నాన్న, వాళ్ళ అంకుల్ ఇద్దరూ చిన్నదనం లోంచి పుట్టినవాళ్ళే. నేను ఈ సంగతి చెప్తే ఆయన, "అయితే నాను నీకు తాతనేటిరా" అన్నాడు.

ఆ దసరాకి రిపోర్టు చూసింది నేనని చెప్పాను కదా. రాయి మాట చదివి అందరం రాయి పనిలో పడ్డాం. అరటిదవ్వ రసం తాగించారు, నీళ్ళు బాగా తాగమన్నారు. రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.8 ఉంది. పరీక్ష చేయించిన చోట ఎవరో "కొంచెం పెరిగింది, పర్లేదు" అన్నారు. కొంచెం కాబట్టి మేమూ పర్లేదనుకున్నాం. మగవాళ్ళకి మామూలుగా అది 1.3 లోపు ఉంటుంది. తేడా చూస్తే అర పాయింటు. ఆ పరీక్ష గుణం నాకు ఏడాది తర్వాత గానీ తెలియలేదు: కిడ్నీల పని సుమారు సగం పోయేదాకా క్రియాటినిన్ పెద్దగా కదలకపోవచ్చు. అది కొంచెం పెరిగిందన్నారంటే లోపల పోయింది కొంచెం కాదు.

రెండో ఏడు ఈ పదాల పిచ్చిలో ఉండగా, ఒక సాయంత్రం కిడ్నీ గురించి చదువుతూ కూర్చున్నాను. అక్కడ ఎన్ని చిన్న మాటలో! ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు. ఒక్కో నెఫ్రాన్ మొదట్లో గ్లొమెరులస్, లాటిన్‌లో చిన్న దారపుండ. దాని చుట్టూ బౌమన్ కాప్స్యూల్, చిన్న పెట్టె. అక్కణ్ణించి ట్యూబ్యూల్, చిన్న గొట్టం. తెలుగు మీడియం పుస్తకంలో ఇవే రక్తకేశనాళికా గుచ్ఛం, బౌమన్ గుళిక, వృక్కనాళిక. మళ్ళీ మన '-ఇక'. ఉద్దానంలో, శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, నికరాగ్వా చెరకుతోటల్లో కనిపించే ఈ రకం జబ్బులో దెబ్బ ఎక్కువగా తగిలేది ఆ చిన్న గొట్టాలకీ వాటి చుట్టుపక్కలకీ. షుగరూ బీపీ లేనివాళ్ళకి, పొలం పనిచేసే వయసులో, చప్పుడు లేకుండా వస్తుంది. దాని పేరు సీకేడీయూ. మొదటి మూడూ పెద్దక్షరాలు, చివరి 'యూ' మాత్రం స్మాల్ లెటర్. ఆ 'యూ' అంటే కారణం తెలియదు అని. నీళ్ళా, ఎండా, నేలా, పురుగుమందులా, అన్నీ కలిపా అని ఎన్నేళ్ళుగానో వెతుకుతున్నారు. మొత్తం పేరులో అన్నిటికన్నా పెద్ద ప్రశ్నని అన్నిటికన్నా చిన్న అక్షరంలో రాశారు.

అప్పుడు గుర్తొచ్చి ఫోనులో దాచిన ఆ రిపోర్టు ఫొటో తీశాను. కాల్క్యులస్‌కి పై లైనులో ఉంది ఆ రెండో వాక్యం. రెండు కిడ్నీలూ సైజులో స్మాల్. పక్కన కొలతలు, ఎనిమిది సెంటీమీటర్లు. పెద్దవాళ్ళకి పది సెంటీమీటర్ల పైచిలుకు ఉండాలి. ఏ తోకా లేదు, లాటిన్ లేదు, ముద్దు లేదు, వెక్కిరింత లేదు. ఎల్‌కేజీ పిల్లాడికి కూడా తెలిసిన మాట. నేను వెతుక్కున్న చిన్న మాటలన్నిట్లో నిజంగా సైజు కోసం వాడింది అదొక్కటే. దాన్ని దాటేసి కాల్క్యులస్ దగ్గర నవ్వుకున్నాను.

ఇంటికి ఫోన్ చేసి నాన్నతో చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. ఆ పూట నాన్న మొహం చిన్నబోయిందని తర్వాత అమ్మ చెప్పింది. చిన్నబోవడం అనే క్రియకి ఇంగ్లిషులో సరైన మాట ఉందేమోనని ఇప్పటికీ చూస్తున్నాను, దొరకలేదు.

పలాసలో 2023 డిసెంబరు 14న 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. అంతకుముందు మా ఊరివాళ్ళు చాలామంది విశాఖపట్నం దాకా వెళ్ళి వచ్చేవారు. చిన్నాన్న ఇప్పుడు పలాసలోనే చూపించుకుంటున్నాడు. డయాలసిస్ దాకా ఇంకా రాలేదు. ఉప్పుచేప మానేశాడు. పిన్ని కూరలో వేసే చిటికెడు ఉప్పు ఇదివరకటి చిటికెడు కాదు, చెంచాతో కొలిచి వేస్తుంది. మా వీధిలో డయాలసిస్‌కి వెళ్ళే ఒకాయన గుక్కెడు నీళ్ళని నిజంగానే గుక్కలు లెక్కపెట్టి తాగుతాడు, మే నెల ఎండలో కూడా.

మొన్న ఆదివారం ఫోన్ చేశాను.

"ఎలాగున్నావు సిన్నాన్నా?"

"బాగున్నాన్రా గుంటడా. కూసింత నీరసం, అంతే."

"కూసింతంటే ఎంత?"

అటువైపు కాసేపు నవ్వు. తర్వాత, "ఒలే, ఆ కాయితం ఇలగ తే, ఈడు లెక్క అడుగుతన్నాడు" అని పిన్నికి కేక వేశాడు. పిన్ని అద్దాలు వెతుక్కుని వచ్చి, ఒక్కో అంకే కూడబలుక్కుంటూ చదివింది. రెండు. చుక్క. తొమ్మిది.

"సుక్క ఎక్కడుంది పిన్నీ, రెండు తర్వాతేనా?" అని మళ్ళీ అడిగాను.